మాతృభాష గడి

నూర్‌బాషా, లద్దాఫ్, పింజారి, దూదేకుల. ఎవరు ఏ పేరుతో పిలిచినా పలికాం. ‘సాయిబులైనా తెలుగు భలే మాట్లాడతారే!’ అని బడిలో మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకుంటూ కూడా మనిషిని గడప బయట నిలబెట్టొచ్చని అప్పుడు తెలీదు. మసీదులో ఇంకో రకం. ఉర్దూ రాదా, మీరేం ముసల్మాన్లు? రెండుచోట్లా తలొంచుకున్నాం.

నాయన దూది ఏకే విల్లు భుజానేసుకుని ఊళ్లు తిరిగేవాడు. నారి మోత వీధి చివరిదాకా వినపడేది. రాత్రంతా దగ్గు. (ఆ దగ్గుదే మతమని ఎవరూ అడగలేదు.) మిషన్లూ ఫోము పరుపులూ వచ్చాక విల్లు అటకెక్కింది. అమ్మ బొంతలు కుట్టింది. మా ఫీజులు ఆ సూది కట్టినవే.

రిజర్వేషన్ జాబితాలో మేం బీసీ-బి. 2007లో వెనకబడిన ముస్లింలకు 4 శాతంతో బీసీ-ఇ వచ్చింది. కాగితాల మీదా మాది పక్క గదే.

కాలేజీ దరఖాస్తులో ‘మాతృభాష’ అని ఒక గడి. పైన మతం ఇస్లాం అని రాశాం కదా, దానికి జోడీగా ఉర్దూ అని రాసేశాం. చదివి వినిపిస్తే అమ్మ చేతిలో సూది ఆపింది.

‘మిమ్మల్ని ఏనాడన్నా ఉర్దూలో తిట్టానంట్రా?’

కొట్టేసి తెలుగు అని రాశాం. గుమాస్తా రెండు గడుల్నీ మార్చి మార్చి చూశాడు.

‘ఒకటి తప్పు రాసినట్టున్నారు, చూసుకోండి.’

చూసుకున్నాం. అలాగే ఇచ్చి వచ్చాం.