మధ్య సీటు

మా బావగారిది మహా పట్టుదల. సినిమా టిక్కెట్లు నేను బుక్ చేస్తానంటే, "నాకు చేతకాదనుకున్నావుటోయ్?" అని సెల్‌ఫోన్‌తో గంటసేపు కుస్తీపట్టి మూడు టిక్కెట్లు సాధించారు. 2023 జూన్ 30న 'తొలిప్రేమ' మళ్లీ విడుదలైంది కదా, ఆ ఆదివారం మాట.

ఆ సినిమా వాళ్లిద్దరికీ నేను బాకీ. 1998 శ్రావణంలో పెళ్లయిన పదోరోజున బెజవాడలో చూడబోయారు. కొత్త దంపతుల్ని ఒంటరిగా పంపడమెందుకని పెదనాన్నగారు ఎనిమిదేళ్ల నన్ను వెంట తోలారు. మధ్య సీట్లో కూచుని, రెండు సోడాలు పట్టించి, పాటొచ్చినప్పుడల్లా "ఒంటికి" అంటూ బావగారిని బయటికి లాక్కుపోయాను. తర్వాత టీవీలో ఎన్నిసార్లొచ్చినా, "మీ అక్కయ్యతో హాల్లోనే చూస్తా" అని ఛానెల్ మార్చేసేవారు పాపం!

వనస్థలిపురం నుంచి బయల్దేరి, ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, ఎం.జి.బి.ఎస్.లో ఆకుపచ్చ లైనుకి మారాం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగే తోపులాటలో అక్కయ్య చెప్పొకటి లోపలే ఉండిపోయింది. "ఆగవే, తెస్తా!" అంటూ బావగారు వంగారు. తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి మాకు చెప్పు చూపిస్తూ ఆయన ముషీరాబాద్ వెళ్లిపోయారు. టిక్కెట్లున్న ఫోనూ ఆయనతోనే వెళ్లింది.

ప్లాట్‌ఫారం మీద ఒంటి చెప్పుతో నిలబడి అక్కయ్య పాతికేళ్ల చిట్టా విప్పింది. తిరుపతిలో పారేసిన గొడుగు, పుష్కరాల్లో తప్పిపోయిన సంచి, ఆయన రిపేరు చేశాక మరి తిరగని మిక్సీ... మిక్సీ దగ్గరుండగా ఆయన ఎదురు రైల్లో ఆయాసపడుతూ దిగారు. అంత జనంలోనూ వంగి, చెప్పు ఆవిడ కాలి దగ్గర పెట్టారు. "లేవండి, ఎవరైనా చూస్తారు" అంది అక్కయ్య. గొంతు మారిపోయింది.

హాల్లో చూద్దును కదా, ఆయన ఆ చివర, ఆవిడ ఈ చివర! మధ్యలో ఖాళీ నాకట. అలవాటన్నమాట. నేను కూర్చోలేదు. బావగారిని బలవంతాన ఇటు జరిపి, చివర సర్దుకున్నాను. ఈలలు, కాగితం ముక్కలు, సీట్లెక్కి చిందులు. పాట వస్తే తెర కనబడితే ఒట్టు.

ఇంటర్వెల్ తర్వాత చూస్తే బావగారు అక్కయ్య భుజంమీద నిద్ర! ఆ గోలలో! బట్టతల నిండా రంగు కాగితాలు. విమానాశ్రయం సీనొచ్చేసరికి నాకు ప్రాణం ఆగలేదు. ఈ ముక్క కోసమేగా ఇన్నేళ్లు టీవీ కట్టేసింది! తట్టి లేపబోయాను. అక్కయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పడుకోనీరా. కథ నేను చెప్తాలే."