విమానం లేచే ముందు ఆ నిమిషం

పోయిన డిసెంబరులో శంషాబాద్ ఎయిర్‌పోర్టు బయట మా బాపు నాకు రెండే జాగ్రత్తలు చెప్పాడు. ఒకటి, పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇయ్యొద్దు. రెండోది: "విమానం లేసే ముందు చదువుతరు. బుగులు పడకు. అయినంక నువ్వు అంజన్నకు మొక్కుకో."

నాది సౌదియా టికెట్. జెద్దాలో ఆరు నెలల ఆఫీసు పని. బాపు 2001లో మొదటిసారి వెళ్ళినప్పుడు ముంబయి దాకా బస్సు, అక్కడి నుంచి విమానం. 2019 దాకా సౌదీలోనే మేస్త్రీ పని చేశాడు. రెండేళ్ళకోసారి సెలవు. మా జగిత్యాల వైపు గల్ఫ్‌లో ఏ దేశం పోయినా 'దుబాయి పోయిండు' అనే అంటారు. అందుకని దుబాయి మొహం ఎన్నడూ చూడని మా బాపు ఊరందరికీ దుబాయాయనే.

ఆయన చెప్పిన 'చదువుడు' అంటే దువా. సౌదియా విమానం లేచే ముందు ప్రయాణపు ప్రార్థన వినిపిస్తారు. ఎన్నిసార్లు విన్నాడోగానీ, అది ఆయన ఒంటికి పట్టేసింది. ఇప్పటికీ కొండగట్టు పోదామని ఆర్టీసీ బస్సు ఎక్కితే, డ్రైవరు గేరు వేయగానే కళ్ళు మూసుకుంటాడు. నిమిషం పాటు పలకడు. "అగో, సౌదీ విమానం లేస్తుంది" అని మా అమ్మ మోచేత్తో పొడుస్తుంది.

దాని అర్థం ఏంటని చిన్నప్పుడు అడిగితే ఒక్క ముక్కలో చెప్పాడు: "మల్ల వాపస్ వస్తమని." నేను నమ్మాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, కొంచెం సిగ్గుగానే ఉంది. 2018 జులైలో ఎమిరేట్స్ వాళ్ళు 'హిందూ మీల్' తీసేస్తున్నారని వార్త వచ్చింది. అప్పుడు నేను బీటెక్. అంతవరకూ విమానం ఎక్కింది లేదు, హిందూ మీల్ అంటే ఏం పెడతారో తెలీదు. అయినా ఫ్యామిలీ గ్రూపులో వరసగా ఏడెనిమిది ఫార్వర్డులు పెట్టాను. బాయ్‌కాట్ అని, మన దేవుళ్ళంటే లెక్కలేదా అని. కొద్ది రోజుల్లోనే ఎమిరేట్స్ ఆ భోజనాన్ని మళ్ళీ తెచ్చింది. ఆ వార్త మాత్రం నేను ఫార్వర్డ్ చెయ్యలేదు. సౌదీ నుంచి బాపు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బిడ్డా, పదిహేడేండ్ల సంది వాళ్ళ విమానంల తింటున్న. శనివారం పడ్డనాడు చికెన్ పక్కకు వెట్టి రొట్టె, పెరుగు తిన్న. ఎవ్వడు ఏమనలే. నువ్వు మంచిగ సదువుకో." మా మేనత్తలు, బావలు, అందరూ ఉన్న గ్రూపు అది. అందరూ విన్నారు.

ఆ మెసేజ్ మనసులో ఉండటం వల్లనేమో, సీట్లో కూర్చున్నాక కాస్త అదోలా ఉంది. విమానంలో ఎక్కువమంది ఉమ్రాకి వెళ్ళేవాళ్ళే. నా పక్కన నిజామాబాద్ పెద్దాయన. బెల్టు పెట్టుకోవడం రాక నా వైపు చూస్తే నేనే పెట్టాను. తలుపులు మూశారు, సేఫ్టీ వీడియో అయింది. తర్వాత స్పీకర్లో ఒక మగ గొంతు, తొందర లేని గొంతు. చుట్టూ పెదాలన్నీ కదులుతున్నాయి. చిన్నపిల్లలు కూడా కాసేపు అల్లరి ఆపారు. బుగులేమీ పడలేదు నేను. ఎవరింట్లోనో పూజ జరుగుతుంటే మధ్యలో వెళ్ళిన చుట్టం గుమ్మం దగ్గర ఆగి నిలబడతాడు చూడండి, అలా ఉంది.

అయ్యాక పెద్దాయన్ని అర్థం అడిగాను. తెలుగులోనే చెప్పాడు. ఈ సవారీని మనకు లొంగేటట్టు చేసినోడు గొప్పోడట. ఆయన చెయ్యకుంటే అది మనతోటి అయ్యే పని కాదట. ఆఖరుకు మనమందరం వాపస్ పోయేది ఆయన దగ్గరికేనట.

వాపస్ అంటే అదన్నమాట. ఇంటికి కాదు. బాపు పద్దెనిమిదేళ్ళూ తప్పు అర్థం పట్టుకుని తిరిగాడే అని ప్రాణం ఉసూరుమంది.

నిజానికి టికెట్ బుక్ చేసిన రోజు నుంచీ నేను ఇదే వెతుకుతున్నా. విమాన కంపెనీకి మతం ఉంటుందా అని. సౌదియాకైతే దాపరికం లేదు. మందు పొయ్యరు. (దాని కోసమే వేరే కంపెనీ టికెట్టు కొన్న మహానుభావులు మా ఊళ్ళో ఉన్నారు, పేర్లు వద్దు.) మక్కా ఏ దిక్కున ఉందో స్క్రీన్ మీద చూపిస్తారు. కొన్ని పెద్ద విమానాల్లో నమాజు చేసుకోడానికి విడిగా జాగా కూడా ఉంటుంది. రాయల్ బ్రూనై వాళ్ళదీ ఇదే దారి, దువా ఉంటుంది, మందు ఉండదు.

ఇజ్రాయెల్ వాళ్ళ ఎల్ ఆల్ శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకే దాకా విమానాలు నడపదు. 1982లో బెగిన్ ప్రభుత్వం పెట్టిన నియమం. 2006 చివర్లో ఒక సమ్మె వల్ల ప్రయాణికులు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతే, ఆ రద్దీ తగ్గించడానికి శనివారం కొన్ని విమానాలు నడిపారు. అంతే, ఛాందస యూదులు కంపెనీనే బహిష్కరించారు. తర్వాతి ఏడాది జనవరికి గానీ రాజీ కుదరలేదు. శనివారం మా బాపు ముక్క ముట్టడు, వాళ్ళ విమానం రెక్క కదపదు.

అమెరికాలో అలాస్కా ఎయిర్‌లైన్స్‌ది ఇంకో రకం. 1970ల చివరి నుంచి భోజనం ట్రేలో ఒక చిన్న కార్డు పెట్టేవాళ్ళు, దాని మీద బైబిలు కీర్తనల్లోని మాట ఒకటి. చాలామందికి నచ్చేది, కొందరికి ఒళ్ళు మండేది. ఇది భక్తితో పుట్టిన ఆలోచన కూడా కాదు. మార్కెటింగ్ ఆయన ఒకడు ఇంకో కంపెనీని చూసి తెచ్చిందట, మిగతావాళ్ళకంటే వేరుగా కనబడాలని. 2012 ఫిబ్రవరి 1 నుంచి ఆపేశారు.

వెతికినవాటిలో నన్ను బాగా ఆపింది మాత్రం మలేసియా కథ. 2015 డిసెంబరులో అక్కడ రయానీ ఎయిర్ అని మొదలైంది. పూర్తిగా షరియా ప్రకారం నడిచే విమానాలు: లేచే ముందు దువా, హలాల్ భోజనం, మందు బంద్, ముస్లిం ఎయిర్‌హోస్టెస్‌లకి హిజాబ్. పెట్టింది ఎవరనుకున్నారు? భారతీయ మూలాలున్న హిందూ దంపతులు! నాలుగు నెలలు తిరక్కుండానే, 2016 ఏప్రిల్‌లో, ఎగరొద్దని ఆపేశారు. జూన్‌లో లైసెన్సే పోయింది. దేవుడు అలిగి కాదు. భద్రతా నియమాలు సరిగ్గా పాటించలేదని, పైగా పైలట్ల సమ్మె. దువా చదివినా రూల్‌బుక్ చదవక తప్పదు మరి.

భయం సంగతికొస్తే మతాలకి పెద్ద తేడా కనబడలేదు నాకు. 2007లో నేపాల్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 757 ఒకటి మాటిమాటికీ మొరాయిస్తుంటే, కాఠ్మాండూ ఎయిర్‌పోర్టులో ఆ విమానం ముందే రెండు మేకల్ని బలిచ్చారు, ఆకాశ భైరవుడికి. ఆ కంపెనీ గుర్తు కూడా ఆయనే. 2016 డిసెంబరులో పాకిస్తాన్ పీఐఏ ఏటీఆర్ విమానం కూలింది. మిగతా ఏటీఆర్‌లను ఆపి తనిఖీలు చేశారు. మళ్ళీ ఎగరబోతున్న ఒకదాని ముందు, ఇస్లామాబాద్ రన్‌వే పక్కన, సిబ్బంది నల్ల మేకని కోశారు. అది కంపెనీ నిర్ణయం కాదు, సిబ్బంది సొంతంగా చేసిందని పీఐఏ చెప్పుకుంది. నవ్వడానికి నాకు నోరు రాలేదు. మా ఇంట్లో కొత్త బండి కొంటే చక్రం కింద నిమ్మకాయ పెట్టకుండా గేటు దాటనియ్యరు.

మన దగ్గర గొడవ కొబ్బరికాయతో. కొబ్బరిలో నూనె ఉంటుంది, మంట అంటుకునే గుణం ఉందని క్యాబిన్‌లోకి రానివ్వరు. అయ్యప్ప స్వాముల ఇరుముడిలో ఉండేదేమో నెయ్యి పోసిన కొబ్బరికాయ. మా బావ ఏటా మాల వేసి శంషాబాద్ నుంచి కొచ్చి వెళ్తాడు. గురుస్వామి తల మీద పెట్టిన ఇరుముడిని దించి సూట్‌కేసులతో పాటు బెల్టు మీదికి తోయాల్సి వచ్చినప్పుడు, కాళ్ళల్లో సత్తువ పోయిందిరా అన్నాడు. 2022లో సీజన్ వరకు సడలింపు ఇచ్చారు. మళ్ళీ 2024 అక్టోబరులో, మన శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు, జనవరి 20 దాకా ఇరుముడిని చేత్తో తీసుకెళ్ళొచ్చని ప్రకటించారు. ఎక్స్‌రే, పేలుడు పదార్థాల పరీక్ష, చేత్తో తడిమి చూడటం మామూలే. ఆ ఏడు బావ ఫోటో పెట్టాడు, ఒళ్ళో ఇరుముడి, కిటికీలో మబ్బులు.

కంపెనీ ప్రార్థన చేసుకుంటే నాకేం పోదు, వింటాను. పనిచేసేవాళ్ళ ఒంటి మీద దేవుడు కనబడాలా వద్దా అని కంపెనీ తేల్చేటప్పుడే నాకు ఇబ్బంది. రయానీ వాళ్ళు హిజాబ్ కట్టుకోమన్నారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2006లో చెక్ఇన్ ఉద్యోగిని ఒకామెని మెళ్ళో సిలువ బయటికి కనబడకూడదంది. ఏడాది తిరక్కుండా ఆ రూలు మార్చుకుందిగానీ, ఆమె యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళి 2013లో గెలిచింది. ఒకరు పెట్టుకోమన్నారు, ఒకరు దాచమన్నారు. రెండూ నాకు ఒకేలా వినబడతాయి.

జెద్దా దగ్గరపడుతుండగా ఇంకో అనౌన్స్‌మెంట్ వచ్చింది. మీకాత్ రాబోతోందని. ఉమ్రాకి వెళ్ళేవాళ్ళు ఇహ్రాంలోకి మారకుండా దాటకూడని హద్దు అది. నేల మీది హద్దుని ఆకాశంలో కూర్చుని పైలట్ లెక్కచూసి చెప్తున్నాడు. పెద్దాయన ఫోనూ కళ్ళజోడూ నా చేతికిచ్చి బాత్‌రూమ్‌కి వెళ్ళాడు. కుట్టు లేని రెండు తెల్లగుడ్డల్లో తిరిగొచ్చాడు, ఇందాకటి మనిషేనా అన్నట్టు. నా మణికట్టుకున్న కొండగట్టు దారం చూశాడు. "మీ నాయిన పేరు చెప్పు బేటా, అక్కడ దువా చేస్త" అన్నాడు. చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకున్నాడు, మర్చిపోకుండా.

దిగాక ఎయిర్‌పోర్టు వైఫై మీద వీడియో కాల్ చేశాను. బాపు మొదటి మాట, "చదివిండ్రా?"

"చదివిండ్రు. బాపూ, ఆ చివరి మాటకి ఇంటికి వాపస్ అని కాదట అర్థం. దేవుడి దగ్గరికట."

"ఎరుకనేరా. రెండో సెలవుకే మా రూముల ఉన్న కరీంనగరాయన చెప్పిండు."

"మరి నాకట్ల చెప్పినవేంది?"

"ఇంత పోరనివి అప్పుడు. నేను వాపస్ వస్తనా రానా అనే గద నువ్వు అడుగుతుంటివి." తర్వాత వెంటనే, "అది సరేగని, ఇయ్యాల శనివారం గదరా. ఏం పెట్టిండ్రు తిననీకి?"

"చికెన్ బిర్యానీ."

కాసేపు అటునుంచి ఏమీ వినబడలేదు. తర్వాత వెనకనుంచి అమ్మ నవ్వు.