మా తాత తుపాకి మీద ఏం రాసి ఉంది?

ఎన్నికల తేదీలు ప్రకటించగానే ఊళ్లో అందరికీ జెండాలు, మైకులు గుర్తొస్తాయి. పుంగనూరులో మా అత్తగారింట్లో మాత్రం ముందు గుర్తొచ్చేది తుపాకి. లైసెన్స్ ఉన్న తుపాకిని స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. ఎన్నికలయ్యాక ఆ రసీదు చూపించి మళ్లీ తెచ్చుకోవాలి. 2024లో మామయ్యకు 77 ఏళ్లు. చూపు తగ్గింది, మోకాళ్లు సహకరించడం లేదు. "ఇంక నా వల్ల కాదురా, మీరిద్దరిలో ఎవరు తీసుకుంటారో తేల్చుకోండి" అన్నారు కొడుకులతో. గొడవ అక్కడ మొదలైంది.

కొత్తవాళ్లకు ఈ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, వారసుల్లో ఒకరి పేరు మీదకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇచ్చేదీ మానేదీ అధికారుల ఇష్టం. పెట్టుకోవడమైతే పెట్టుకోవచ్చు.

మా మరిది నాకే కావాలన్నాడు. అది వాళ్ల తాత రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా నుంచి తెచ్చిన త్రీ నాట్ త్రీ అని ఇంట్లో అందరూ చెప్పుకునే మాట. అమెరికాలో ఇలాంటి పాత మిలిటరీ రైఫిళ్లను సేకరించి, ఏ ఫ్యాక్టరీలో ఏ సంవత్సరం చేశారో లెక్కలు తీసేవాళ్ల వీడియోలు చూసి అతనికి ఆశ ఇంకా పెరిగింది. "వంశానికి గుర్తు వదినా, అమ్మేస్తారా ఎవరైనా?" అన్నాడు. మా ఆయనేమో, చిన్నపిల్లలున్న బెంగళూరు అపార్ట్‌మెంట్‌లోకి తుపాకి ఏంటని కూర్చున్నారు. మాట మాట పెరిగి అన్నదమ్ములు రెండు నెలలు ఫోన్లు మానేశారు. మధ్యలో నేనూ, తోడికోడలూ దొంగతనంగా మాట్లాడుకునేవాళ్లం.

కుప్పంలో మా అమ్మ చిన్నతమ్ముడు ఉన్నాడు. పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో, రిటైరయ్యాడు. "ఒకసారి వచ్చి చూడు మామా" అని పిలిచాను. మామయ్య ఖాళీ తుపాకిని, లైసెన్స్ పుస్తకాన్ని నవారు మంచం మీద పెట్టారు. చుట్టూ అందరం కూర్చున్నాం.

చిన్నమామ ముందు తుపాకి ముట్టుకోలేదు. "అమ్మీ, మీ జేజి బిందె మీద ఏం కొట్టించి ఉంటారు?" అని నన్నడిగాడు. పేరు, ఊరు, సంవత్సరం అన్నాను. "తుపాకి కూడా అంతే. చదవడం వస్తే అదే చెబుతుంది" అన్నాడు.

తర్వాత ఆయన చెప్పింది నా మాటల్లో రాస్తాను. యుద్ధకాలంలో మన సైన్యం వాడిన త్రీ నాట్ త్రీలు చాలావరకు కలకత్తా దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసినవి. బోల్టుకు కింద, చెయ్యి పట్టుకునే చోట ఉన్న ఇనుప పట్టీ కుడివైపు చూడాలి. కిరీటం బొమ్మ, జి.ఆర్.ఐ. అనే అక్షరాలు ఉంటే జార్జి చక్రవర్తి కాలానిది. దాని కింద సంవత్సరం, మోడల్ పేరు ఉంటాయి. స్వాతంత్ర్యం తర్వాత చేసిన వాటి మీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి.

ఇవి వింటుంటే మదనపల్లెలో నా కాలేజీ రోజులు కళ్ల ముందుకొచ్చాయి. ఎన్.సి.సి. పరేడ్‌లో మాకిచ్చిన తుపాకి మీద జి.ఆర్.ఐ., 1942 అని ఉండేది. పక్కన పెద్దగా డి.పి. అని కొట్టి ఉండేది. డ్రిల్లుకు మాత్రమే, పేల్చడానికి పనికిరాదని దానర్థమట. నాలుగు కిలోల ఆ బరువు మోసి భుజం వాచిపోయేదే కానీ, ఆ అక్షరాలేంటని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

యుద్ధంలో వాడిన తుపాకి అలాగే ఉండదట. అరిగిపోతే ఫ్యాక్టరీకి పంపుతారు. కొత్త గొట్టం, కొత్త చెక్క వేసి, మళ్లీ రంగు పూసి పంపుతారు. అలా పూర్తిగా బాగుచేసిన వాటి మీద ఎఫ్.టి.ఆర్. అని, బాగుచేసిన సంవత్సరంతో ముద్ర ఉండొచ్చు. మొదటి నంబరు బోల్టు మీద, గొట్టం మీద, మూతి దగ్గరి తొడుగు మీద ఒకటిగా ఉంటే అవన్నీ ఒకే కాన్పు. నంబర్లు కలవకపోతే నాలుగు తుపాకుల ముక్కలు కలిపి ఒకటి చేశారన్నమాట. మనం అడుగు వేయించిన బిందెను జేజి బిందే అంటాం కదా, అలాగే.

"ఇట్లాంటివి మిగులు సరుకుగా విదేశాలకు కూడా పోయినాయి" అన్నాడు చిన్నమామ. 1960లలో ఇషాపూర్‌లోనే వేరే తూటాకు సరిపడేలా చేసిన రైఫిల్‌ను కూడా కొందరు యుద్ధకాలపుదే అనుకుంటారట. దాని మ్యాగజీన్ పెట్టె నలుచదరంగా ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. మన పోలీసులు త్రీ నాట్ త్రీలను ఎంతకాలం మోశారో తెలుసా? 2008లో ముంబయి దాడుల రోజు స్టేషన్‌లో కొందరి చేతుల్లో అవే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న గాని వాటికి వీడ్కోలు చెప్పలేదు.

అప్పుడు మా తుపాకిని చేతిలోకి తీసుకున్నాడు. మ్యాగజీన్ ఊడదీసి చూశాడు. పది తూటాలు పట్టాల్సింది, అయిదే పడతాయి. గొట్టం మీద .315 అని ఉంది.

"ఇది యుద్ధానిది కాదు నాయనా" అన్నాడు మా మరిదితో మెల్లగా. "త్రీ నాట్ త్రీ మిలిటరీ తూటా, మామూలు జనానికి లైసెన్స్ ఇయ్యరు. అందుకే అదే ఇషాపూర్‌లో, అదే పోలికతో జనానికి త్రీ వన్ ఫైవ్ చేసినారు. అయినా సిపాయి తన రైఫిలు కోత్‌లో జమ చెయ్యకుండా ఇంటికి యెట్ల పోతాడు?"

మరిది ముఖం చిన్నబోయింది. మామయ్య మాత్రం తొణకలేదు. "నాయన తెచ్చినాడని నేనెప్పుడన్నా చెప్పినానా? మీరే చెప్పుకుంటా ఉండారు. 1974లో చెనిక్కాయలు అమ్మి నేను కొన్నా. పందులు చేన్లో పడతా ఉంటే పైకి పేల్చి బెదిరించేదానికి."

అప్పటిదాకా గడప దగ్గర చింతపండు గింజలు తీస్తున్న అత్తమ్మ తలెత్తింది. "మా మామ దాన్ని ముట్టింది నేను చూడలేదు. పేలుస్తారని తెలిస్తే కొట్టంలోకి పొయ్యి ఎద్దుల మధ్య కూర్చునేవాడు. చెవులు మూసుకోని. సద్దణిగినాక కూడా శానాసేపు వచ్చేవాడు కాదు. సంగటి అక్కడికే తీసుకుపోయి ఇచ్చేదాన్ని."

ఎవరూ మాట్లాడలేదు. ఆ యుద్ధంలో మన దేశం నుంచి 25 లక్షల మంది సైన్యంలో చేరారని చదివాను. అందులో ఒకాయన మా కొట్టంలో ఎద్దుల మధ్య చెవులు మూసుకుని కూర్చునేవాడని ఈ ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. యాభై ఏళ్లుగా ఆమెను ఎవరూ అడగలేదు. మగవాళ్లు చెప్పుకున్న కథలో తుపాకి ఉంది. సంగటి తీసుకుపోయిన మనిషి చూసిన కథలో తాత ఉన్నాడు.

ఆ రాత్రి మరిదే అన్నకు నీళ్ల చెంబు అందిస్తూ "ఇచ్చేద్దాంలే" అన్నాడు. మామయ్య రాతపూర్వకంగా తెలియజేసి, లైసెన్స్ ఉన్న డీలరుకు తుపాకి అప్పగించి, లైసెన్స్ సరెండర్ చేశారు. చేలోకి పందులు ఇప్పటికీ వస్తాయి. కుప్పం వైపు ఏనుగులే వస్తున్నాయి, వాటిముందు ఇదెంత? చట్టం కూడా వాటి మీద తుపాకి ఎత్తనివ్వదు.

మీ ఇళ్లలో కూడా లైసెన్స్ తుపాకి ఉంటే ఆ పుస్తకం ఏ బీరువాలో ఉందో, గడువు ఎప్పటిదాకా ఉందో మీరు తెలుసుకోండి. 2019 సవరణ తర్వాత లైసెన్స్ అయిదేళ్లకు ఇస్తున్నారు, ఒక మనిషికి రెండు తుపాకులే. లైసెన్స్‌దారు పోతే తుపాకిని అలాగే అటక మీద ఉంచకూడదు, స్టేషన్‌లోనో డీలరు దగ్గరో జమ చేయాలి. ఆ దుఃఖంలో ఈ పని గుర్తుపెట్టుకోవాల్సింది చివరికి మనమే.

ఇంకో మాట. దాని మీద ముద్రలు చదివించేటప్పుడు ఇంట్లో పెద్దామెను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.