“అర్థమైందా?” “అయింది సార్!”

సంచికకి ఏదైనా వ్రాయమని విద్యార్థి సంఘం వారు కబురు చేసినప్పుడు కొంచెం బెంగ పడ్డాను. చదువుకునే రోజుల్లో సెమినారు పేపరు తప్ప ఇంకేమీ వ్రాసిన పాపాన పోలేదు. “పూర్వ విద్యార్థులు కదా, జూనియర్లకు నాలుగు మంచి మాటలు చెప్పండి” అన్నారు. నాలుగు లేవు గాని, ఒకటుంది. అదీ మంచిమాట కాదు, ఒక తప్పు. నేను చేసింది. మీలో చాలామంది ఈపాటికి ఈ వారంలోనే రెండు మూడుసార్లు చేసి వుంటారు.

పల్లెటూళ్ళ ప్రభుత్వ పాఠశాలల పిల్లల్ని పదో తరగతి మార్కులను బట్టి తీసుకుని, ఒకేచోట వుంచి ఆరేళ్ళు చదివించే పద్ధతి మన రాష్ట్రంలో 2008లో మొదలైంది. మొదటి రెండేళ్ళు పునాది, తరువాత నాలుగేళ్ళు ఇంజనీరింగు. నేను 2010లో చేరాను. మాది ప్రకాశం జిల్లాలో మెట్ట పల్లె. నాన్నకు రెండెకరాలు, అమ్మకు రెండు గేదెలు. సీటు వచ్చిందని తెలిసి రచ్చబండ దగ్గర పెద్దలు నాన్నని అడిగిన మొదటి ప్రశ్న: “అందరికీ నాలుగేళ్ళయితే మీవాడికి ఆరేళ్ళేందయ్యా?”

నాన్న దగ్గర జవాబుంది. “పునాది తవ్వకుండా గోడ లేపుతారా?” అన్నాడు. నాన్నకి తెలిసింది నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. పునాది అనే మాట వింటే నాకు మాత్రం, మనలో ఏదో గొయ్యి వుంది, దాన్ని పూడ్చడానికి తీసుకొచ్చారు, అనే అనిపించేది.

చేరిన కొద్దిరోజులకే చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు. అంతవరకు మా బడిలో కంప్యూటరుని కిటికీలోంచి చూడటమే, గది తాళం తీయగా చూసింది లేదు. ఆ రాత్రి నేనూ, నా గదిలోవాడూ దాన్ని మంచం మీద పెట్టుకుని, మూత తీయడం ఎట్లాగో తెలియక నవ్వుకున్నాం. వాడు నాకంటే చురుకు. లెక్కలు నోటితోనే చేసేవాడు. మెస్‌లో ఇడ్లీ ఎప్పుడు వేడిగా వుంటుందో కూడా వాడే కనిపెట్టాడు.

పి-1లో క్లాసులన్నీ ఇంగ్లీషులో. మాది తెలుగు మీడియం. లెక్చరరుగారు బోర్డు మీద సున్నలూ ఒకట్లూ వ్రాసుకుంటూ పోయేవారు. 101 అంటే నూటొకటి కాదట, ఐదట. ఎందుకు ఐదో ఆయన చెప్పే వుంటారు, నాకు ‘వన్’, ‘జీరో’ మాత్రం వినపడేవి. చివర్లో ఆయన ఇటు తిరిగి, మాకోసం తెలుగులో, “అర్థమైందా?” అనేవారు.

“అయింది సార్!” అని అరవైమందిమీ ఒక్క గొంతుతో.

అబద్ధం చెబుతున్నామని ఎవరికీ అనిపించలేదు. బళ్ళో “గుడ్ మార్నింగ్ సార్” అన్నట్టే అదీ. పైగా పక్కవాడికి అర్థమైతే మనమొక్కళ్ళమే లేచి కాలేదంటే ఏం బాగుంటుంది? ఒకసారి ఆయనకు అనుమానం వచ్చినట్లుంది. “నిజంగా అర్థమైనవాళ్ళు చేతులెత్తండి” అన్నారు. నేను ఎత్తాను. నా గదిలోవాడు నావైపు చూశాడు. చూసి, తనూ ఎత్తాడు.

సంక్రాంతి సెలవులకి వెళ్ళి వాడు తిరిగి రాలేదు. నాలుగు రోజుల తరువాత వాళ్ళ నాన్న వచ్చి పెట్టె, పరుపు తీసుకుపోయాడు. “మావాడికి ఈ చదువు ఎక్కదంటన్నాడు బాబూ. మీబోటి తెలివైన పిల్లలతో తూగలేడంట” అన్నాడు. పరుపుచుట్టకి తాడు కట్టడానికి నేను సాయం పట్టాను. ‘అంకుల్, నాకూ ఎక్కడం లేదు’ అన్నమాట గొంతుదాకా వచ్చింది. బయటికి రాలేదు.

ఆ తరువాతి వారం పరీక్షలో నాకు 20కి 4 వచ్చాయి. లెక్చరరుగారు స్టాఫ్ రూముకి పిలిపించారు. తిడతారనుకుని తల వంచుకుని నిలబడ్డాను.

“పదో తరగతిలో తెలుగులో ఎన్నయ్యా నీకు?”

“94 సార్.”

“అయితే గణవిభజన వచ్చు. మూడక్షరాల గణాలెన్ని?”

“ఎనిమిది సార్. యమాతారాజభానసలగం.”

“ఎనిమిదే ఎందుకు? తొమ్మిదోది ఎందుకు లేదు?”

మూడేళ్ళపాటు ఆ మాట వల్లించాను గాని ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆయన చిత్తు కాగితం నా ముందుకి తోశారు. “లఘువుకి సున్న, గురువుకి ఒకటి వెయ్యి. చివరి అక్షరం విలువ ఒకటి, మధ్యది రెండు, మొదటిది నాలుగు. గురువున్న చోట్ల విలువలు మాత్రమే కూడు.”

వేశాను. మూడూ లఘువులైన నగణం సున్న. సగణం ఒకటి. జగణం రెండు, యగణం మూడు, భగణం నాలుగు. రగణం గురువు, లఘువు, గురువు: 101. నాలుగూ ఒకటీ ఐదు! తగణం ఆరు. మూడూ గురువులైన మగణం ఏడు. సున్న నుంచి ఏడు దాకా ఎనిమిదీ వచ్చేశాయి, తొమ్మిదోదానికి చోటే లేదు. ఒక్కొక్క అక్షరానికి రెండే దారులు కాబట్టి మూడక్షరాలకి రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. నాలుగక్షరాలైతే పదహారు. ఆస్కీ అనే పట్టికలో ఏడు బిట్లకి 128 గుర్తులు ఎందుకున్నాయో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

“పింగళుడు ఛందశ్శాస్త్రంలో ఈ వరసలు వెయ్యడాన్నే ప్రస్తారం అన్నారు. అట్లాగని ఆయన కంప్యూటరు కనిపెట్టాడని మాత్రం ఎక్కడా చెప్పబోకు, నవ్వుతారు” అని ఆయనే నవ్వారు. తరువాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “ఆరోజు చెయ్యెత్తావు కదయ్యా. ఎత్తకుండా వుంటే ఆరోజే చెప్పేవాణ్ణి కదా” అన్నారు.

నాకు వెంటనే గుర్తొచ్చింది ఖాళీగా వున్న ఆ రెండో మంచం. వాడికి ఛందస్సు నాకంటే బాగా వచ్చు. ఒక్క వారం ఆగి వుంటే!

పునాది సంగతి నాకు ఆరోజు తెలిసింది. తవ్వేది గొయ్యి కోసం కాదు, కింద గట్టినేల ఎక్కడుందో చూడటానికి. నా గట్టినేల మా బళ్ళో తెలుగు మేష్టారు ఎప్పుడో వేసి వుంచారు. అది తగిలేదాకా పైన ఎన్ని ఇటుకలు పేర్చినా నిలవలేదు.

అప్పటినుంచి అడగటం మొదలుపెట్టాను. మొదటిసారి లేచి నిలబడింది పి-2లో. ప్రోగ్రాములో ‘తెలుగు’ అని వ్రాసి పొడవెంత అని అడిగితే ఆరు అని వచ్చింది. కంటికి కనపడేవి మూడే కదా! కాళ్ళు వణుకుతుండగానే అడిగాను. క్లాసు గొల్లుమంది. లెక్చరరుగారు నవ్వలేదు. “మంచి ప్రశ్న. యూనికోడ్‌లో త ఒకటి, దాని ఎత్వం ఇంకొకటి. ల ఒకటి, కొమ్ము ఇంకొకటి. గ ఒకటి, దాని కొమ్ము ఇంకొకటి. గుణింతాన్ని అది విడివిడిగా దాచుకుంటుంది” అన్నారు. నవ్వినవాళ్ళలో సగంమంది ఆ సాయంత్రం గదికి వచ్చి, “మళ్ళీ ఒకసారి చెప్పరా” అన్నారు.

ఆ ఒక్క ప్రశ్న నాలుగేళ్ళ తరువాత అన్నం పెట్టింది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి మా ఊరి పాలకేంద్రం పని ఎంచుకున్నాం. పాలుపోసే ఆడవాళ్ళకి ఇచ్చే చీటీ ఇంగ్లీషులో వుండేది. వెన్న శాతం ఎంత, లీటరుకి రేటెంత అన్నది మా అమ్మ రోజూ ఎవరో ఒకరిచేత చదివించుకునేది. ఆ చీటీని తెలుగులో అచ్చువేయించాలని మా సంకల్పం. పేరుకి పది గడులు చాలనుకున్నాడు మా జట్టులో ఒకడు. పరీక్షకని ‘వెంకటసుబ్బమ్మ’ అని కొడితే చీటీ మీద ‘వెంకటసుబ్బ’ అని వచ్చింది. ఆడమనిషి కాస్తా మగవాడైపోయింది! జట్టంతా ప్రింటరుని తిట్టారు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. కంటికి ఆరే అక్షరాలు, యంత్రానికి పదమూడు. పది దగ్గర తెంపేసింది. నిమిషంలో సర్దుకుంది. ఆ వేసవిలో అమ్మ తన చీటీ తనే కూడబలుక్కుని చదివి, “వెన్న ఇయ్యాల తగ్గిందేందిరా?” అని అడిగింది. నాకు డిగ్రీ పట్టా చేతికొచ్చింది ఆరోజే అనుకుంటాను.

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతమే. కాని మొదట తప్పు అన్నాను కదా.

2017లో ఒక సర్టిఫికెట్టు పని మీద మండల కేంద్రంలో మీ సేవకి వెళితే, కౌంటరు వెనక నా గదిలోవాడు! ఎదురుగా కంప్యూటరు, కీబోర్డు మీద వేళ్ళు పరుగెడుతున్నాయి. నన్ను చూసి లేచి కావలించుకున్నాడు. టీ తెప్పించాడు. బాగానే వున్నాడు, పెళ్ళి కూడా అయింది. నేను తెగించి, పి-1లో నాకొక్క ముక్క అర్థం కాలేదనీ, 20కి 4 వచ్చాయనీ చెప్పాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు. “మరి ఆరోజు చెయ్యెత్తావు కదరా?”

కోపంగా అనలేదు. ఏడేళ్ళనాటి లెక్కలో తేడా ఎక్కడొచ్చిందో ఇప్పుడు దొరికినట్టుగా అన్నాడు. “నువ్వెత్తావనే నేనెత్తాను. నా ఒక్కడికే బుర్ర లేదనుకున్నాను” అన్నాడు. వరసలో జనం వున్నారు. వాడు మళ్ళీ పనిలో పడ్డాడు. నా దగ్గర సర్వీసు డబ్బులు తీసుకోనంటే తీసుకోనన్నాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. అడగకపోతే మన అన్నం పోతుందని మాత్రమే ఇన్నాళ్ళూ అనుకున్నాను. పక్కవాడి విస్తరి కూడా లేచిపోతుందని ఆ కౌంటరు దగ్గర తెలిసింది. అర్థం కానప్పుడు అయిందని అరవైమందీ అంటే, ఆ అరవైలో ఒకడు మాత్రం దాన్ని నిజమని నమ్ముతాడు. నమ్మి, పరుపు చుట్టుకుని పోతాడు.

లెక్చరరుగార్లకు కూడా ఒక మనవి. తమరు “అర్థమైందా?” అని అడిగినప్పుడు మా గొంతు ఎంత గట్టిగా వినపడితే అంత అనుమానించండి. “ఎక్కడిదాకా అర్థమైంది?” అని అడిగి చూడండి. దానికి కోరస్‌గా జవాబు చెప్పడం ఎవరివల్లా కాదు.

ఈ వ్యాసం అచ్చయ్యాక ఒక ప్రతి మీ సేవ కౌంటరుకి తీసుకెళ్ళి ఇస్తాను. వాడు చదివి ఏమంటాడో తెలియదు. అర్థమైందా అని మాత్రం అడగను.