చుక్క ఆగకూడదు

"ఒరేయ్, నీ చుక్క ఆగిపోయిందిరా." మధ్యాహ్నాలు ఆఫీసుకి అమ్మ ఫోను. 2008లో అమ్మ హ్యూస్టన్ వచ్చి మా దగ్గర ఉంది. నేనూ కోడలూ పొద్దున్నే వెళ్లిపోతే, పగలంతా ఆవిడకి తోడు హాల్లో ఉన్న 120 గాలన్ల పగడాల తొట్టే.

పగడం ఒళ్లు కట్టుకోవడానికి నీళ్లలోని కాల్షియం లాగేసుకుంటుంది. సముద్రంలో లీటరుకి సుమారు 420 మిల్లీగ్రాములుంటుంది, దానికి తరుగు లేదు. తొట్టెలో రోజూ తరుగే. ఆ లోటు పూడ్చడానికే కాల్షియం రియాక్టర్: డబ్బా నిండా ఎండు పగడపు ముక్కలు, లోపలికి కార్బన్ డయాక్సైడ్. నీటి పీహెచ్ 6.5 దాకా దిగితే ముక్కలు కరిగి, ఆ నీరు సన్నగా తొట్టెలో పడుతుంది. ధార తగ్గితే పగడాలకి చాలదు, డబ్బాలో నీరు మరీ పులుస్తుంది. హెచ్చితే సగం కరిగే లోపే జారిపోతుంది.

పెద్ద పంపు నుంచి ఒక పాయ తీసి, చివర చిన్న వాల్వు పెట్టుకున్నాను. చాలామంది అలాగే నడుపుతారు. కానీ ఆ వాల్వు నోట్లో తెల్లటి మడ్డి పేరుకుంటుంది. రాత్రి సరిచేసిన ధార మర్నాటికి చుక్కలౌతుంది, ఆ తర్వాత అమ్మ ఫోను వస్తుంది.

గాల్వెస్టన్ దారిలో ఒకాయన తన గరాజులో పగడపు ముక్కలు అమ్మేవాడు. పేరు ఎంత తలుచుకున్నా గుర్తు రావడంలేదు. గరాజులో ఉప్పునీరూ, పంపులు కడిగిన వెనిగరూ కలిసిన వాసన మాత్రం ఇప్పటికీ ముక్కుకి తగులుతుంది. ఆపరేషన్ థియేటర్లలో హార్ట్-లంగ్ మెషిన్ నడిపి రిటైరైన మనిషి. ఆ జూలైలోనే డాక్టర్ డెబేకీ పోయారు. హార్ట్-లంగ్ మెషిన్లో రక్తం తిప్పే రోలర్ పంపు మీద మెడిసిన్ చదివే రోజుల్లోనే పనిచేసిన డాక్టరాయన. ఆ కబురు చెబుతూనే ముసలాయన ఒక పెరిస్టాల్టిక్ పంపు మూత తీశాడు. లోపల రోలర్లు మెత్తటి ట్యూబుని నొక్కుకుంటూ తిరుగుతున్నాయి. రోలరు దాటగానే ట్యూబు మళ్లీ గుండ్రంగా విచ్చుకుని వెనక నీటిని లాక్కుంటుంది. లోపల వాల్వు లేదు, నీరు ట్యూబుని తప్ప మరి దేన్నీ తాకదు. "నిమిషానికి ఎంత తోస్తుందని తర్వాత అడుగు. రాత్రీ పగలూ తిరగడానికే చేశారా అని ముందు అడుగు" అన్నాడు. ఇంచుమించు అవే మాటలు. రోజుకి కాసేపు మందు చుక్కలు వేయడానికి చేసిన డోసింగ్ పంపుని దీనికి వాడితే మోటారు కాలిపోతుందని కూడా చెప్పాడు.

ఏదో ల్యాబు వదిలించుకున్న పాత మాస్టర్‌ఫ్లెక్స్ పెరిస్టాల్టిక్ పంపు కొన్నాను. ఎత్తితే చెయ్యి లాగేసే బరువు. బిగించి స్విచ్ వేయగానే అమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ఇది మీ మావయ్యకి రక్తం తిప్పే మిషన్లోదే కదరా!"

మావయ్యది సోంపేట. ఉద్దానంలో ఎన్నో కుటుంబాల్లాగే ఆ ఇంట్లోనూ కిడ్నీలు పోయాయి, ఇదీ కారణమని తేలకుండానే. విశాఖలో డయాలసిస్ మంచం పక్కన గంటలకొద్దీ కూర్చున్న మనిషి అమ్మ. నేను ఒక్కసారైనా వెళ్లి ఆయన పక్కన కూర్చోలేదు. "తిరుగుతున్నంతసేపూ దాన్నే చూస్తూ ఉండేదాన్ని" అంది.

సెప్టెంబరులో ఐక్ తుఫాను. రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటికి అమ్మ ఉందో, తిరిగి వెళ్లిపోయిందో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఆక్రోపోరా పగడాల కొమ్మలు కొన్ని తెల్లబడ్డాయి. కరెంటు వచ్చిన క్షణాన పంపు మాత్రం నేను చెయ్యి పెట్టకుండానే పాత వేగంతో తిరగడం మొదలుపెట్టింది.

ఇప్పుడు కామోయెర్ లాంటివాళ్లు బ్రష్‌లెస్ మోటార్లతో చిన్న పంపులు చేస్తున్నారు. అవీ మంచివే. ఏది కొన్నా నిరంతరం నడిచేదేనా అని చూడండి. దాంతో పాటే అదనపు ట్యూబులు తెచ్చుకుని, మార్చిన తేదీ పంపు మీదే రాసిపెట్టండి. ఎంత మంచి పంపులోనైనా ముందు అరిగేది ట్యూబే. చిల్లు పడేదాకా ఆగకండి.