పడదు

తెలుగులో "పడదు" అన్న క్రియ చేసే చాకిరీ ఇంతా అంతా కాదు. అత్తాకోడళ్ళకు పడదు, వంకాయ పడదు, కొత్త ఊరి నీళ్ళు పడవు. భద్రాచలం మన్యపు అంచు పల్లెల్లో ఉద్యోగం చేసిన కాలంలో మరొకటి తరచుగా వినేవాణ్ణి: "సూదిమందు పడదు సారూ."

నాకూ పడదనే నమ్మాను. 1967లో, నా ఎనిమిదో యేట, జ్వరానికి పెన్సిలిన్ సూది వేసిన మూడోనాడు ఒళ్ళంతా ఎర్రటి మచ్చలు లేచాయట. నాకు జ్ఞాపకం లేదు. అమ్మ చెప్పినదే ప్రమాణం. నాటి నుండి ప్రతి మందుచీటీ మీదా ఎర్రసిరాతో ఆ మాట నన్ను వెన్నాడింది.

నిరుడు కాలికి ముల్లు దిగి చీము పట్టింది. ఖమ్మంలో ఒక యువ వైద్యుడు ఆ ఎర్రసిరా చూసి, విద్యార్థిని సంధి అడిగినట్లు ప్రశ్నలు వేశారు. సూది వేసిన ఎంతసేపటికి వచ్చాయి? దురద పుట్టిందా? పెదవులు వాచాయా? ఊపిరాడలేదా? చర్మం ఊడిందా? చిన్ననాటి జ్వరాల్లో వచ్చే దద్దుర్లు చాలామటుకు జ్వరానివేనట, మందువి కావట. నిజంగా పడనివారిలో సైతం పదేళ్ళు గడిస్తే పదిమందిలో ఎనిమిదిమందికి ఆ గుణం పోతుందట. పెన్సిలిన్ పడదని రాయించుకొన్నవారిని పరీక్షించి చూస్తే నూటికి తొంభైమందికి పైగా పడుతుందనే తేలుతున్నదట.

అడ్రినలిన్ సూది పక్కన సిద్ధంగా ఉంచుకొని, అమాక్సిసిలిన్ మోతాదులో పదోవంతు ఇచ్చి, కొంతసేపు చూసి, తక్కినది ఇచ్చారు. రెండు గంటలు కూర్చోబెట్టారు. ఏమీ కాలేదు. (ఇంట్లో ఎవరూ ఈ సాహసం చేయవద్దు. ఊపిరాడక ప్రాణం మీదికి వచ్చినవారి సంగతి వేరు. దానికి మనకు వేరే మాటే ఉన్నది, వికటించడం. చర్మం ఊడినవారికైతే ఆ మందు మళ్ళీ ఇవ్వనే కూడదు. "అలర్జీ" అన్న మాటను 1906లో పిర్కే అనే వియన్నా వైద్యుడు పుట్టించాడు. మన "పడదు" అంతకంటె పాతది, అంతకంటె బద్ధకపుది.)

ఆ రెండు గంటలూ నా కళ్ళ ముందు మెదిలినది 1998 నాటి ఒక కోయపిల్ల. వసతిగృహంలో ఉండి ఏడో తరగతి చదివేది. కీళ్ళవాత జ్వరం వచ్చి తగ్గాక, గుండె చెడకుండా 21 రోజులకొకసారి బెంజథీన్ పెన్సిలిన్ వేయించేవారు. చిక్కటి మందు, విపరీతమైన నొప్పి. ఒకనాడు సూది వేయగానే పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది. పడుకోబెట్టి నీళ్ళు చల్లితే నిమిషాల్లో లేచింది. దద్దుర్లు లేవు, వాపు లేదు. "భయానికి సార్, అంతే," అన్నది నర్సమ్మ.

"పడదని తెలుస్తూనే ఉన్నది కదమ్మా, నా సంగతి చూడండి," అన్నాను నేను. పంతులుగారి మాటకు అక్కడ విలువ ఎక్కువ. సూదులు మాని మాత్రలిచ్చారు. వేసవి సెలవుల్లో, వాగు అవతలి గూడెంలో, ఆ మాత్రలూ ఆగిపోయాయి. పదో తరగతికి వచ్చేసరికి మెట్లెక్కితే ఆయాసం. గుండె కవాటం దెబ్బతిన్నదన్నారు. సూదులు మానడమే కారణమని నాతో ఎవరూ అనలేదు.

ఈ ఏడు ముక్కోటి తెప్పోత్సవం నాడు గోదావరి గట్టున కనిపించింది. మెడ కిందుగా శస్త్రచికిత్స గీత. "బాగున్నారా సారూ," అని కాళ్ళకు దండం పెట్టింది. చెప్పాలనే నోరు తెరిచాను. పక్కన కూతురు నిలబడి ఉంటే, ఏ తరగతి అని అడిగి ఊరుకొన్నాను.