అటకమీది పుస్తకం

కరణ్‌కోటలో మా ఇంటి అటకమీద అట్టలూడిన పుస్తకాలు కొన్ని ఉన్నాయి. మొన్న నాపరాతి దుమ్ము దులిపి ఒకటి తీశాను: వట్టికోట ఆళ్వారుస్వామిగారి ‘జైలు లోపల’. ఆయన ‘ప్రజల మనిషి’ (1955) నవల ఎరిగినవారు కూడా ఈ కథల జోలికి అంతగా పోరు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా అమ్మిన మనిషి ఆయన. తానూ ఖైదీగా ఉండి దగ్గరనుంచి చూసిన బ్రతుకులే ఈ కథలు. చేసిన నేరం మాట అటుంచి, ఆ మనిషిని అక్కడికి చేర్చినదేమిటని అడుగుతాయి.

రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడకొక కథ చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. మా అన్నగారి కొడుకు జైలునుంచి వచ్చి ఏడాదైంది. మేము వాణ్ణి గడప తొక్కనివ్వలేదు.

“రేపు వాణ్ణి భోజనానికి పిలవండి” అన్నది.

ఇంతకన్న మంచి సమీక్ష నేను రాయలేను.